తౌనో రాంతలా తుపాకీ వంతెన దాటిన వైనం

తౌనో రాంతలా చట్టం విషయంలో ఎంత పట్టింపు మనిషో తెలియాలంటే సోడా డబ్బాల సంగతి చెబితే చాలు. నదికి ఇవతల మిషిగన్‌లో ఖాళీ డబ్బా తిరిగిస్తే కొట్టువాడు పది సెంట్లు చేతిలో పెడతాడు. అవతల విస్కాన్సిన్‌లో ఆ పద్ధతి లేదు. అవతలి డబ్బాలు ఇవతలికి తెచ్చి సొమ్ము చేసుకోవడం నేరం. ఊళ్ళో ఆ నేరం చెయ్యనివాడు పాస్టరు ఒక్కడే అంటారు, ఆయన మీదా కొందరికి అనుమానాలున్నాయి. తౌనో మాత్రం ఆదివారం అవతలి ఒడ్డున కూతురు మార్లిస్ ఇంట్లో భోంచేసి, తను తాగిన డబ్బా కడిగి అక్కడే బల్ల మీద బోర్లించి, చేతులు ఊపుకుంటూ వంతెన దాటి వస్తాడు.

ఎనభై నాలుగేళ్ళ ఆ మనిషిని తప్పుపట్టలేం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన పని రోడ్ల మీద గీతలు గీయడమే. వంతెన మధ్యలో రెండు రాష్ట్రాలనీ విడదీసే తెల్లగీత కూడా ఆయన చేత్తో వేసిందే. గీసినవాడే లెక్క చెయ్యకపోతే ఇంకెవడు చేస్తాడని ఆయన వాదన. భార్య ఉన్నప్పుడు ఆ వాదనకి ఆమె దగ్గర జవాబుండేది. ఆమె పోయాక ఎదురు చెప్పేవాళ్ళు లేక మరీ ముదిరిపోయాడు.

పొద్దున్నే కాఫీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడడం ఆయనకి అలవాటు. నది అక్కడ సన్నగా ఉంటుంది. అవతల మార్లిస్ పెరడు, బట్టలారేసే తీగ, తీగ పక్కన నీలం కోటులో మార్లిస్. ఈయన చెయ్యి ఊపుతాడు, ఆమె ఊపుతుంది. ఆ తర్వాతే కాఫీ గొంతు దిగుతుంది.

ఆ కిటికీకి ఎదురుగా గోడమీద ఉన్న తుపాకీ ఆయన తండ్రి నాటిది. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుందంటే బడికే సెలవిచ్చే ఊరది. పోయినేడు ఆ రోజు తౌనో ఉత్త చేతులతో ఇంటికొచ్చి, పెద్ద కొమ్ముల జింక చేతికి చిక్కినట్టే చిక్కి తప్పించుకుందని చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఆ కొమ్ములకి ఎనిమిది మొనలు. క్రిస్మస్‌కి పదయ్యాయి. మంచు కరిగేసరికి పన్నెండు.

"ఈ లెక్కన వచ్చే నవంబరుకి అది తల కూడా ఎత్తలేదు పెద్దాయనా. నడిచెళ్ళి చెవి పట్టుకుని లాక్కొచ్చెయ్యండి" అని కాఫీ హోటల్లో ఏడిపించేవారు.

ఆయన జన్మలో ఆడిన మొదటి అబద్ధం అదే. ఆ రోజు పొదల్లో కదిలిన గోధుమరంగుకి గురిపెట్టి మీట మీద వేలు బిగించబోతుండగా గంట మోగింది. జింకల మెడలో గంటలుండవు. అది పక్కింటి కుక్క టాఫీ. తోక ఊపుకుంటూ వచ్చి ఆయన బూట్లు నాకింది. తౌనో తూటా బయటికి తీసి జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు.

మరునాటి నుంచి పెట్రోలు ధర మండిపోతోందని వంక పెట్టి కారు నడపడం మానేశాడు. తుపాకీకి మాత్రం ఏ వంకా దొరకలేదు. అది గోడమీద ఉన్నంతకాలం పదిహేనో తేదీ పొద్దున తన కాళ్ళు ఆగవని ఆయనకి తెలుసు. ఈసారి గంట మోగకపోతే? అందుకే ఈ ఏడు వేట మొదలయ్యేలోగా దాన్ని మార్లిస్ చేతుల్లో పెట్టెయ్యాలనుకున్నాడు. దుప్పట్లో చుట్టి వంతెన దాటించెయ్యమని హోటల్లో అందరూ ఒక్క గొంతుతో సలహా ఇచ్చారు. అది సలహాలా కాక తిట్టులా తగిలి, తౌనో నేరుగా డ్వేన్ బసానీ కొట్టుకి నడిచాడు. డ్వేన్ తుపాకులూ తూటాలూ అమ్ముతాడు, పక్కనే ఓ పెట్టెలో చేపల ఎరకి వానపాములు కూడా.

"మీరు మిషిగన్, అమ్మాయి విస్కాన్సిన్" అన్నాడు డ్వేన్. "కన్నకూతురైనా సరే, రాష్ట్రం దాటి తుపాకీ ఇచ్చేటప్పుడు మధ్యలో లైసెన్సున్నవాడు ఉండాలి. మీరు తెచ్చి నా బల్లమీద పెట్టండి. అమ్మాయి వచ్చి కాగితం నింపుతుంది. ఆమె మీద కేసులేమైనా ఉన్నాయేమో ప్రభుత్వం వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కుంటా. వాళ్ళు సరేనంటే నేనిస్తా."

"మా మార్లిస్ మీద కేసులేంటయ్యా?"

"అందరికీ అంతే పెద్దాయనా. మా ఆవిడ కొనుక్కున్నప్పుడూ కనుక్కున్నా. ఆ ఒక్కరోజు వాళ్ళు వద్దంటే బాగుణ్ణనిపించింది."

"నేను పోయాక అయితే?"

"పోయాక అయితే ఏ గొడవా లేదు. వీలునామాలో రాస్తే చాలు, నేనక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు."

తౌనో వేలెత్తి లెక్క తేల్చాడు. "అంటే బతికున్నవాణ్ణి నమ్మరు, చచ్చినవాణ్ణి నమ్ముతారు."

"చచ్చినవాళ్ళు ఇన్ని ప్రశ్నలు వెయ్యరు కదండీ. పోనీ, వేటకని అరువివ్వండి. దానికీ తతంగం ఉండదు."

"అరువిస్తే మళ్ళీ నా గోడకే వస్తుంది" అన్నాడు తౌనో. వస్తే ఏమిటో చెప్పలేదు.

ఆ సాయంత్రం ఫోన్లో మార్లిస్ అడ్డంగా మొండికేసింది.

"కర్ట్ బాబాయి సంగతి మర్చిపోయావా నాన్నా? ఆకులు రాలేటప్పుడు తుపాకీ అమ్మాడు, మంచు పడేలోపే పోయాడు."

"వాడు పోయింది తుపాకీ అమ్మి కాదే, పూటకో సిగరెట్టు ప్యాకెట్టు ఊది."

"ఏమో, నాకది తెలీదు. నువ్వు పోయాకే తీసుకుంటా. చట్టం కూడా అదే సులువంటోందిగా. చట్టాన్ని నువ్వు కాదంటావా?"

జీవితమంతా ఊరి మీద వేసిన అస్త్రం తిరిగొచ్చి తనకే తగిలేసరికి తౌనో ఫోన్ పెట్టేశాడు.

వేటకి వారముందనగా ఆయన తుపాకీని సంచీలో పెట్టుకుని వెళ్ళి డ్వేన్ బల్లమీద పెట్టేశాడు. కొట్టు లెక్కలోకి ఎక్కాక తిరిగి కావాలంటే తౌనో కూడా కాగితం నింపాల్సిందేనని డ్వేన్ హెచ్చరిస్తే, "అయితే మరీ మంచిది" అన్నాడు. డ్వేన్‌కి ఏదో తేడాగా అనిపించి మార్లిస్‌కి కబురు చేశాడు. బడి వంటశాలలో పని చేసే మార్లిస్ ఏప్రాన్ కూడా విప్పకుండా వచ్చి వాలింది.

"ఏంటి నాన్నా నీ తొందర? ఎక్కడికెళ్ళిపోతున్నావ్?"

"ఎక్కడికీ పోవట్లేదు. కాగితం నింపు."

"నింపను. నిన్ను చేజేతులా..." మాట మధ్యలోనే ఆమె కాగితాన్ని డ్వేన్ వైపు తోసేసింది.

డ్వేన్ వానపాముల పెట్టె తెరిచి వాటిని మహా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

తౌనో టోపీ తీసి చేతిలో నలిపాడు. "పోయినేడు నేను చూసింది జింక కాదే. టాఫీ. ఇంకొక్క క్షణం అయ్యుంటే కాల్చేసేవాణ్ణి. ఈసారి అక్కడ ఏ పసివాడో ఉంటే? నాకు కళ్ళు కనపడట్లేదు మార్లిస్."

ఆమె మెల్లగా అంది: "టాఫీ సంగతి నాకు తెలీదు. కళ్ళ సంగతి తెలుసు."

"ఎలా?"

"బడి తెరిచిన దగ్గర్నించి నాకు తెల్లారకముందే డ్యూటీ. నువ్వు కాఫీ తాగే టైముకి నేను బడిలో బంగాళాదుంపలు చెక్కుతుంటా. ఓరోజు సెలవు పెట్టి గుమ్మంలోంచి నీకు చెయ్యి ఊపాను. నువ్వు నావైపే చూళ్ళేదు. తీగమీద ఆరేసిన నీలం కోటుకి ఊపావు."

"నువ్వు తిరిగి ఊపేదానివిగా?"

"గాలి ఊపేది నాన్నా. ఆ రోజు నుంచి నేనా కోటు తియ్యలేదు. వానకి తడిసినా, మంచు పట్టినా."

ఊళ్ళో ఎవరూ తౌనో కళ్ళు చెమర్చగా చూడలేదు. డ్వేన్ కూడా చూడలేదనే చెప్పాలి, ఎందుకంటే అతని కళ్ళు అప్పుడు వానపాముల్ని కూడా చూసే స్థితిలో లేవు.

మార్లిస్ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని కాగితం నింపింది. డ్వేన్ ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు లైన్లో ఆగమని పాట పెట్టి వదిలేశారు. ముగ్గురూ ఆ పాట వింటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. చివరికి సరేనన్నారు.

"మీరే ఇవ్వండి పెద్దాయనా, మీ చేత్తో" అన్నాడు డ్వేన్. "నేను అటు తిరుగుతా."

"ఇవ్వాల్సింది నువ్వు. చట్టం" అన్నాడు తౌనో. రెండు చేతులూ జేబుల్లో దూర్చుకుని, తండ్రి తుపాకీ డ్వేన్ చేతిలోంచి కూతురి చేతిలోకి వెళ్ళడం దగ్గరగా నిలబడి చూశాడు. సంచీ భుజాన వేసుకుని ఆమె వంతెన దాటుతుంటే గీత దాకా వెంట నడిచి, అక్కడ ఆగిపోయాడు.

పదిహేనో తేదీన మార్లిస్ బయటి రాష్ట్రంవాళ్ళకిచ్చే లైసెన్సు కొనుక్కుని ఇవతలికొచ్చింది. ఇద్దరూ ఆయన పాత వేట గుడిసెలో కూర్చున్నారు. తుపాకీ ఆమె దగ్గర, కాఫీ ఫ్లాస్కూ మాంసం కూరిన రొట్టెలూ ఆయన దగ్గర. ఎండుటాకుల మీద అలికిడి ముందు ఆయనకే వినిపించింది. ఆమె మోకాలి మీద తట్టాడు.

"ఏంటది?" గుసగుసగా అడిగాడు.

"పన్నెండు మొనల కొమ్ములు నాన్నా" అంది మార్లిస్. "నారింజ రంగు కోటు కూడా తొడుక్కుంది."

గంట మోగింది. వేటకాళ్ళు పొరబడకుండా పక్కింటివాళ్ళు ఈసారి టాఫీకి కోటు తొడిగారు. తండ్రీ కూతుళ్ళు నవ్విన నవ్వుకి ఆ చుట్టుపక్కల జింకలన్నీ వేరే కౌంటీకి వెళ్ళిపోయాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నీలం కోటు ఇప్పుడు తీగమీద లేదు, మార్లిస్ ఒంటిమీద ఉంది. తౌనో కాఫీ చీకట్లోనే తాగుతున్నాడు. మార్లిస్ పనికి బయల్దేరుతూ అవతలి ఒడ్డున కారు హారన్ గట్టిగా మోగిస్తుంది. ఆయన ఆ చప్పుడు వచ్చిన వైపు చెయ్యి ఊపుతాడు. తెల్లారకముందు హారన్ కొట్టడం ఆ ఊరి నిబంధనలకి విరుద్ధమని ఆయనకి బాగా తెలుసు. కూతురికి ఇంతవరకు చెప్పలేదు.