రెండో గొడుగు

మా అక్క శారద మట్టెవాడలో చాలామందికి జాకెట్లు కుట్టే శారదమ్మగానే తెలుసు. అంతకుముందు ఆమెను ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. మా బాపు నడిపిన వీడియో గేముల దుకాణానికి వచ్చే పిల్లలు పెట్టిన పేరది. నిరుడు వానాకాలంలో అక్క పోయింది. అప్పటి నుంచి ఎన్నో గుర్తొస్తున్నాయి గానీ, హనుమకొండలో ఆమె ఆట ఆడిన ఆదివారం మాత్రం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

బాపు పేరు వెంకట్రాజం. తొంభైల్లో మా ఇంటి ముందు గదిలో గేము మిషన్లు పెట్టాడు. నిలువెత్తు చెక్క డబ్బా, అందులో టీవీ, ముందు ఒక జాయ్‌స్టిక్, బటన్లు. తలుపు పక్కన ఎర్ర రంగుతో ‘ఇచ్చట అసలు మిషన్లు కలవు’ అని రాయించాడు. బిళ్ళ వేస్తే ఆట మొదలయ్యేది. తర్వాత ఆడాలనుకున్నవాడు తన బిళ్ళను అద్దం అంచున పెట్టి వెనక నిలబడేవాడు. అక్క గల్లాపెట్టె దగ్గర కూర్చుని బిళ్ళలు అమ్మేది. పిల్లలు బడికి పోయాక తాను మిషన్ ముందు నిలబడేది. కొన్నాళ్ళకు వాళ్ళు తిరిగొచ్చినా అక్కడి నుంచి కదల్లేదు. ఆమెను ఓడిస్తే కదా కదిలేది.

కొట్లాట ఆటలో బక్కపలచని ముసలాయన ఒకడుండేవాడు, చేతిలో నల్ల గొడుగు. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక గొడుగోడు అన్నాం. ఎగిరి గొడుగు తెరిస్తే గాలిలో కాసేపు నిలిచి మెల్లగా దిగేవాడు. మా మిషన్‌లో ఇంకొకటి కూడా చేసేవాడు. దిగబోతూ గొడుగు ముడిచి, మళ్ళీ తెరిచి, గాలిలోనే ఇంకోసారి పైకి లేచేవాడు. కిందున్నవాడు ఎటు చూడాలో తెలియక దెబ్బలు తినేవాడు. దానికి రెండో గొడుగు అని పేరు పెట్టాం. కొందరికి అప్పుడప్పుడు పడేది. అక్కకు అడిగినప్పుడల్లా పడేది.

అక్క పెళ్ళి అయింది. దుకాణం మూతపడి మిషన్లు పాత సామాను కింద పోయాయి. కూతురు పూజకు ఇంకా నడక రాకముందే బావ చనిపోయాడు. అక్క కుట్టుమిషన్‌తో సహా మళ్ళీ మట్టెవాడకే వచ్చింది. పూజకు తండ్రి గురించి తెలిసిందంతా అక్క చెప్పిందే. జాకెట్లకు హుక్కులు కుడుతూ చెప్పేది. ఆయన నవ్వు ఎలా ఉండేదో, పూజను భుజాన వేసుకుని పాట ఎట్లా తప్పు పాడేవాడో. ఆ మధ్యలోనే గొడుగోడి ముచ్చట్లు కూడా వచ్చేవి.

పూజ ఇంటర్ చదువుతుండగా, ఎక్కడెక్కడి పాత ఆటల్లోని యోధులనో ఒక్కచోటికి తెచ్చి కొట్లాడించే కొత్త ఆట ఒకటి వచ్చింది. పూజ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, మీ గొడుగోడు వచ్చిండే!”

అక్క కళ్ళజోడు సర్దుకుంది. “జర పెద్దగ చెయ్యి. అవునే, వీడే! బట్టలు మారినయి గని ముక్కు మారలే.”

రెండు రోజులకు పూజ ముఖం మాడ్చుకుని వచ్చింది. కాలేజీలో గొప్పగా చెప్పుకుందట. అక్కడి పిల్లలు కొత్త ఆటలో వెతికారు, పాతదాంట్లో కూడా వెతికారు.

“రెండో గొడుగు ఎక్కడ లేదంటమ్మా. దునియాల ఎవ్వలు చూడలేదంట.”

“దునియా మట్టెవాడకు రాలే గద,” అని అక్క నవ్వింది.

పూజ నవ్వలేదు. “మరి నాయిన గురించి చెప్పినయి గూడ గిట్లనేనా? అవి గూడ నువ్వొక్కదానివే చూసినయా?”

అక్క చేతిలో సూది ఆగిపోయింది. మర్నాడు పొద్దున నన్ను పిలిచింది.

“తమ్మీ, హనుమకొండల ఆ ఆట పోటీ ఉన్నదట గదా. నా పేరు రాయించు.”

పోటీ జరిగే గేమింగ్ సెంటర్‌కు ముందు ఒకసారి పోయి ఆడి చూడమన్నాను. “చూసుడేంది? అది చేతుల ఉంది,” అంది.

బాపుకు మాత్రం ఇష్టం లేదు. “ఈ వయసుల నలుగురి ముందల ఎందుకే? ఊకో బిడ్డా.”

“నా బిడ్డ నన్ను అబద్ధాలదాన్ని అనుకుంటాంది బాపు. ఎట్ల ఊకుంట?”

బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళ నొప్పనుకున్నాను. అయినా ఆదివారం అందరికంటే ముందు తయారై గడపలో కూర్చున్నాడు.

సెంటర్ నిండా కాలేజీ పిల్లలు. ఆటో విడిభాగాల కొట్టు నడిపే రాజమౌళి మా పాత గిరాకీ. మట్టెవాడ వాళ్ళను నలుగురైదుగురిని వెంటేసుకుని వచ్చాడు. అందరికీ పొట్టలు వచ్చాయి.

“ఉస్తాద్ వచ్చిందిరో, జరగుండ్లి!” అని అరిచాడు.

సెంటర్ అబ్బాయి అక్క చేతికి కంట్రోలర్ ఇచ్చాడు. ఆమె తిప్పి చూసి, “ఇదేంది, టీవీ రిమోటా? కర్ర లేదా?” అంది. అందరూ నవ్వారు. లోపల వెతికి, జాయ్‌స్టిక్ ఉన్న పెట్టె ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు.

ఎదురుగా రాకేష్ అనే ఇంజినీరింగ్ విద్యార్థి. “అలవాటయ్యేదాంక మెల్లగ ఆడాల్నా ఆంటీ?”

“నీ లెక్క నువ్వు ఆడు బిడ్డా. నన్ను జూసి నవ్వుకుంట ఆడినోళ్ళు శానమంది పోయిండ్లు.”

మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది మొదలైంది. గొడుగోడు ఎగిరాడు, గొడుగు తెరిచాడు. మట్టెవాడ గుంపు ఒక్క గొంతుతో “రెండో గొడుగు!” అని కేక పెట్టింది. అక్క మణికట్టు విరిచినట్టు తిప్పింది. గొడుగు ముడుచుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. గొడుగోడు రాయిలా కిందపడ్డాడు. రాకేష్ తెర మీది తన యోధుడితో తన్నించాడు. అక్క లేపి మళ్ళీ ఎగిరించింది. మళ్ళీ పడ్డాడు. ఆట పోయింది.

పూజ గోడకు ఆనుకుని నేల చూస్తోంది.

“బటన్ పనిచేస్తలేదు! డబ్బా మార్చుండ్లి!” అన్నాడు రాజమౌళి.

“బటన్ మంచిగనే ఉందంకుల్. ఆయనకు ఆ మూవ్ లేదు. ఎన్నడు లేకుండె,” అన్నాడు రాకేష్.

“నాకు చెప్తానవా? కండ్లార చూసిన!”

“ఏ మిషన్ల చూసిండ్లు? అప్పట్ల మిషన్ల లోపల ఆట నడిపే బోర్డులు నకలుయి వచ్చేటియంట. అసలుదాంట్ల లేనియి గూడ అండ్ల కలిపేటోళ్ళంట.”

“మా వెంకట్రాజం కాక దగ్గర నకలా? ఏం మాట్లాడుతానవ్? అన్ని అసలుయే! ఏం కాకా?”

అందరూ బాపు వైపు చూశారు. బాపు కండువా కొసతో కళ్ళజోడు తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. అక్క కుర్చీలో వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది. ఆ తుడవడం ఎంతకీ అయిపోలేదు. అవి నకలువేనని నాకు అర్థమైంది. అక్కకూ అర్థమైంది. బాపూ అని ఒక్క మాట అడిగితే చాలు, కూతురి ముందు ఆమె మాట నిలబడుతుంది. కానీ మట్టెవాడ అంతటి ముందు బాపు తల వంగుతుంది.

అక్క తెర వైపు తిరిగింది. “రెండోది పెట్టు బిడ్డా.”

ఈసారి కేకలు లేవు. నేల మీదే ఎక్కువ ఆడింది. గొడుగుతో కాళ్ళ మీద కొడుతూ, ఒక్కోసారి మాత్రమే ఎగురుతూ, అంగుళం అంగుళం వెనక్కి నెట్టింది. రాకేష్ ముందుకు వంగి కూర్చున్నాడు. చివరి దెబ్బ అక్కదే. మట్టెవాడ వాళ్ళు చప్పట్లు కొట్టారు గానీ పూజ కదల్లేదు. ఆ పిల్లకు కావలసింది గెలుపు కాదు.

మూడోదాంట్లో ఇద్దరికీ తెర మీద ప్రాణం గీత దారమంతే మిగిలింది. రాకేష్ యోధుడు గొడుగోడి మీదికి దూకాడు. గొడుగోడు ఎగిరాడు, గొడుగు తెరిచాడు. అట్లాగే దిగితే అక్కదే ఆట. ఆమె దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. వద్దనుకున్నట్టే ఉంది. కానీ ఇన్నేళ్ళూ ఆ చేతిలో దాగిన పని దానంతటదే జరిగిపోయింది. మణికట్టు తిరిగింది. గొడుగు ముడుచుకుంది.

పడ్డాడు.

రాకేష్ లేచి, “బాగ ఆడిండ్లాంటీ,” అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. పూజ సంచీ భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది. అక్క చూస్తోంది గానీ పిలవడం లేదు.

“పూజా, ఆగు.”

బాపు నా భుజం పట్టుకుని లేచాడు.

“అది నకలు బోర్డే. కొన్ననాడే నాకు ఎరుక. అసలుది తెచ్చే తాకత్ లేకుండె. గోడ మీద అసలు మిషన్లని ఉత్తగనే రాపిచ్చిన.” పూజ వైపు చూశాడు. “అండ్ల రెండో గొడుగు ఉండె. మీ అమ్మ వేసేది. నేను చూసిన, గీ రాజమౌళి చూసిండు. మీ అమ్మ లేనిది చెప్పలే బిడ్డా. లేనిది చెప్పింది నేను.”

“నకలుదైతేంది కాకా, దాని మీదనే గద మేం పెరిగినం,” అన్నాడు రాజమౌళి.

అక్క ఒళ్ళోని పెట్టె కింద పెట్టింది. “ఇంట్లనే చెప్తే అయిపోవు గద బాపు,” అంది. గొంతు పెంచలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆయనకు వేళకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. నేను సర్దిచెప్పబోతే, “నీ పని నువ్వు చూసుకో,” అంది.

ఆటోలో బాపు డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక పూజ మా ఇద్దరి మధ్య ఇరుక్కుంది. సగం దూరం వచ్చాక పూజ మెల్లగా అడిగింది.

“నాయినయి ఇంక ఏమన్న ఉన్నయా అమ్మా, నాకు చెప్పనియి?”

అక్క బయటికి చూస్తూ కూర్చుంది. చెప్పదేమో అనుకున్నాను. కాసేపటికి పూజ చెవి దగ్గరికి వంగి మొదలుపెట్టింది. ఆ ఆటో రొదలో నాకు ఒక్క ముక్కా వినిపించలేదు. పూజ మాత్రం తల ఊపుతూనే ఉంది.