చావులు మినహా చరిత్ర

మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం పాత రాజుల చరిత్ర. కాకతీయులు, రెడ్డిరాజులు, గజపతులు... వాళ్ల గురించి తెలుగులో ఏ పుస్తకం కనిపించినా వదిలేవాడు కాదు. ఊరికెళితే విశాఖపట్నం ఫుట్‌పాత్‌ల మీద, ఇక్కడైతే ఖుర్సీపార్‌లో పాతసామాన్లు కొనే కబాడీ దుకాణాల్లో వెతికేవాడు. రుఆబాంధాలో మాకిచ్చిన ప్లాంటు క్వార్టర్లో ఉన్న ఒక్క బీరువా ఆ పుస్తకాలదే. మా బట్టలు ట్రంకుపెట్టెల్లో ఉండేవి.

"ఆ రాజులు మనకేటి పెట్టినారు?" అని అమ్మ సాధించేది.

పంతొమ్మిదివందల తొంభైల మధ్యలో ఆయన కడుపులో గడ్డ బయటపడింది. కోసినా లాభం లేదని డాక్టరు మాతో చెప్పాడు. మంచం పట్టిన మనిషికి పుస్తకం పట్టుకునే సత్తువ కూడా లేకపోవడంతో, చదివి వినిపించే పని నా మీద పడింది. నాది హిందీ మీడియం చదువు. తెలుగు అక్షరాలు నాన్న దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి తడుముకుంటూ చదివేదాన్ని.

డాక్టరు మాట ఆయన చెవిన పడకూడదని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. అక్కడితో ఆగలేదు. "రోగిష్టి మనిషి ముందు సావుల కబుర్లు సదవకు. అశుభం," అంది.

ఆ రాజుల చరిత్రలోంచి చావులు తీసేస్తే మిగిలేవి చెరువులు, పన్నులు, అగ్రహారాలు. అవే చదివాను. యుద్ధం రాగానే పేజీ తిప్పేసేదాన్ని. రాజు గద్దెనెక్కేవాడు, చెరువు తవ్వించేవాడు, ఇంతలో ఆయన మనవడు గద్దె మీద ఉండేవాడు. నాకే నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. అమ్మ మీద ఒళ్లు మండిపోయేది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం అమ్మ బజారుకెళ్లింది. ఓరుగల్లు ముట్టడి మొదలు కాగానే అలవాటుగా పేజీలు దాటించాను. నాన్న కళ్లు తెరిచాడు.

"దాటీసినావేటి?"

"లేదు నాన్నా."

"ఆ పుస్తకం నాను ఎన్నిసార్లు సదివినానో నీకు తెల్దు. కోట పడిపోద్ది. రాజుని ఢిల్లీ తీసుకుపోతారు, దార్లోనే పోతాడు. సదువు."

చదివాను. రాజు నర్మద ఒడ్డున ప్రాణం విడిచేదాకా ఆపలేదు. పుస్తకం మూశాక అడిగాడు.

"నా సంగతీ ఇలాగే దాటీస్తన్నారు గదా. డాక్టరేటన్నాడు?"

ఒట్టు గుర్తుంది. కానీ ఇక అబద్ధం ఆడటం నా వల్ల కాలేదు.

"వానలదాకా కష్టమన్నాడు నాన్నా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత భయపడ్డాడో ఆ వీపు చూస్తేనే తెలిసింది. ఎందుకు చెప్పానా అనిపించింది. చాలాసేపటికి ఇటు తిరిగాడు.

"మీ అమ్మకి తెలుసా?"

"మొదట్నించీ తెలుసు."

"నాకు తెలిసిపోనాదని దానికి సెప్పకు. తట్టుకోలేదు."

ఆ తరవాత రోజూ అమ్మ జావ తాగిస్తూ, "తగ్గిపోద్దిలే," అనేది.

"నిన్నటికన్నా నయంగానే ఉందే," అనేవాడు నాన్న.