పిలిచానని చెప్పాను

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక్క మాట. "పిలిచాను" అన్న మాట. దాన్ని కడుపులో పెట్టుకునే వంటలు చేశాను, నూలు చుట్టాను, ఇరుగుపొరుగు పురుళ్ళకు సాయం వెళ్ళాను. ఎవరికీ అనుమానం రాలేదు. అదే నాకు ఎక్కువ బరువయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళంతా నన్ను మంచిదాన్నంటారు.

మాది కూచిపూడి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. మేము నేతపనివాళ్ళం. మా వీధి ఊరికి పల్లంలో, మురుగుకాలవ కట్ట పక్కన ఉండేది. మాది తాటాకిల్లు. మా పక్కది మా తోడికోడలు రత్తమ్మక్కయ్యది. మా బావగారు చనిపోతూ ఆమెకు మట్టిగోడల పెంకుటిల్లూ, సీత అనే కూతుర్నీ మిగిల్చారు. మాకూ ఆమెకూ చూరునీళ్ళ తగాదా ఉండేది. మా చూరు నుంచి పడే వాననీళ్ళు ఆమె గోడ మొదట్లోకి వెళ్తాయని ఆమె, మరెక్కడికి పోనివ్వాలని నేను. వానాకాలమంతా మాటల్లేకుండా గడిపేవాళ్ళం.

యుద్ధం రోజుల్లో ఒక గాలివాన వచ్చింది. సాయంత్రానికి మా కప్పు లేచిపోయింది. మా ఆయన మంచాన పడ్డ మా అత్తగారిని భుజాన వేసుకున్నాడు. నేను మూడేళ్ళ మా వెంకటేశును చంకనెత్తుకున్నాను. పెంకుటిల్లు పదడుగుల్లో ఉంది. తలుపు బాదాను. "అక్కయ్యా, పిల్లాడున్నాడు, తియ్యి" అని అరిచాను. తలుపు తెరుచుకోలేదు. లోపల ఇనుప గడియ జరిగిన చప్పుడు విన్నాను. తీస్తున్న చప్పుడు కాదు, బిగిస్తున్న చప్పుడు.

వీధి చివరికి వెళ్ళేలోపు కట్ట మీదుగా నీళ్ళు వచ్చాయి. పిల్లాడు నా చంకలోంచి జారిపోయాడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత రత్తమ్మక్కయ్య వచ్చి, "గాలి హోరులో వినపళ్ళేదే, నామీద ఒట్టు" అని ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే ముక్కు మీద పుట్టుమచ్చ కదలడం చూస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలోనే అనుకున్నాను, నీకూ ఒకరోజు వస్తుంది, ఆ రోజు నేను ఉంటాను అని.

ఆ గాలివాన తర్వాత ఊరికి బుద్ధి వచ్చింది. పెద్దలు కూర్చుని కట్టుబాట్లు పెట్టారు. దసరాకు ముందే ప్రతి ఇంటి కప్పు మీదుగా కొబ్బరితాళ్ళు బిగించి గుంజలకు కట్టాలి. అటుకులూ బెల్లమూ కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, పైన వేలాడదీయాలి. అగ్గిపెట్టె మైనపుగుడ్డలో చుట్టుకోవాలి. మగ్గం గుంటలోకి నీళ్ళు రాకముందే నూలు విప్పి పైకెత్తాలి. గాలి ముదిరితే పశువుల పలుపులు కోసెయ్యాలి. అందరూ మునసబుగారి మేడకు చేరాలి. గాలిలో డప్పు వినపడదు కనుక కబురు ఇంటి నుంచి ఇంటికి వెళ్ళాలి. ఎవరికి కబురందితే వాళ్ళు పక్క ఇంటి తలుపు కొట్టాలి. లోపలివాళ్ళు పలికేదాకా కదలకూడదు.

మా తర్వాతి ఇల్లు రత్తమ్మక్కయ్యది. ఆమెను పిలవాల్సింది నేను.

ఈ కట్టుబాటు చెప్పినప్పుడు నేను తల ఊపాను. ఏటా తాళ్ళు కట్టాను, అటుకులు దంచాను. మా వీధిలో నా అంత జాగ్రత్తగా ఎవరూ ఉండేవారు కాదు. మెచ్చుకునేవాళ్ళు, "పిల్లాడు పోయిన తల్లి కదా, ఆ భయం ఉంటుంది" అని. భయమా? భయం కాదేమో. ప్రతి ఏడాదీ కుండ మూతికి గుడ్డ కడుతున్నప్పుడు, ఈసారైనా రాదా అని ఆకాశం వైపు చూసేదాన్ని. ఊరంతా రాకూడదని మొక్కుకునే గాలివాన కోసం నేను ఎదురుచూశాను. ఇలాంటి తల్లి ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంది.

సీత సంగతి చెప్పాలి. ఆ పిల్ల నన్ను పిన్నీ అని పిలిచేది. తల్లి కన్నుగప్పి మా ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టిపెట్టేది. నోటినిండా మాటలు. వెంకటేశును తానే నడిపించానని, తొలి అడుగులు తన చెయ్యి పట్టుకునే వేశాడని చెప్పేది. అది నిజమే. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు.

స్వరాజ్యం వచ్చిన తర్వాత మళ్ళీ పెద్ద గాలివాన వచ్చింది. మధ్యాహ్నమే ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. ఎగువ ఇంటి కోటయ్య వచ్చి తలుపు కొట్టి, "కట్ట తెగేట్టుందమ్మా, మేడకెళ్ళండి, అక్కయ్యగారికి చెప్పండి" అని పరుగెత్తాడు. మా ఆయన అత్తగారిని ఎత్తుకుంటూ, "నువ్వు వదినను పిలుచుకుని వచ్చెయ్" అన్నాడు. "వెళ్ళండి, వస్తున్నాను" అన్నాను.

రెండిళ్ళ మధ్య సందులో నిలబడ్డాను. వాన సూదుల్లా కొడుతోంది. ఆమె తలుపు మూసి ఉంది. పోయినసారి గాలివానకు ఆ ఇల్లు నిలబడింది కనుక, పిలవనిదే ఆమె కదలదని నాకు తెలుసు. చెయ్యి చాపితే తలుపు అందుతుంది. చెయ్యి చాపలేదు. ఒంటినిండా నీళ్ళు కారుతున్నా నాకు చలి వెయ్యలేదు. లోపలెక్కడో హాయిగా, వెచ్చగా ఉంది. కొడుకు పోయాక అంత సుఖం నాకు ఎప్పుడూ కలగలేదు. దాన్ని ఇంకో పేరుతో రాయడానికి చూశాను, దొరకలేదు.

తర్వాత మేడ వైపు నడిచాను. పరుగెత్తలేదు. నడిచాను.

కట్ట తెగింది. పెంకుటింటి వెనకగోడ కూలింది. రత్తమ్మక్కయ్య కప్పు దూలం పట్టుకుని తేలుతూ దొరికింది. సీత తుమ్మకంపల్లో దొరికింది.

సీత బెజవాడలో ఉందనుకున్నాను. గవర్నర్‌పేటలో మేనమామ ఇంటికి వెళ్ళింది. ముందురోజు కాలవ పడవలో తిరిగొచ్చిందట. ఊళ్ళో అందరితో నేను ఈ మాటే చెప్పాను, పిల్ల ఊళ్ళో ఉందని తెలియదని.

మేడ వరండాలో రత్తమ్మక్కయ్యను గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. పెద్దలు చుట్టూ ఉన్నారు. కబురు ఎక్కడ ఆగిందో తేల్చాలని ఎవరో అన్నారు. నోరు తెరవబోయాను. ఏం చెప్పడానికి? ఇప్పటికీ తెలియదు. అంతలో ఆమే నా వైపు తిరిగింది.

"నువ్వు పిలిచే ఉంటావే. నాకే వినపళ్ళా" అంది.

తల దించుకున్నాను.

"పిలిచావు కదూ?"

"పిలిచానక్కయ్యా."

"తలుపు కొట్టావా?"

"కొట్టాను. చాలాసేపు కొట్టాను."

"నా చెవులు మండిపోనూ" అని ఆమె తన చెంపలు తానే వాయించుకుంది. "నా చేతులారా చంపుకున్నానే దాన్ని!"

పెద్దలు తలలు వంచుకున్నారు. ఎవరో ఆడమనిషి నా వీపు నిమిరింది.

పిలవకపోవడం ఒక పాపం. కోపంలో చేసిందనుకుంటే ఒక మనిషికి అర్థం కావచ్చు. ఈ రెండోదాన్ని ఏమనాలి? ఆమె బిడ్డను పోగొట్టుకుంది. దాన్ని తానే చంపిందన్న మాటను నేను ఆమె చేతిలో పెట్టాను. నా పగకు నేను వెతుక్కున్న దానికంటే మంచి ఆయుధం ఆమే తెచ్చి ఇచ్చింది. నేను తీసుకున్నాను.

ఇల్లు లేక ఆమె, మేము మళ్ళీ వేసుకున్న తాటాకింట్లో మాతోనే ఉండిపోయింది. నేనే అన్నం పెట్టాను, తల దువ్వాను. "తోడికోడలంటే ఇలా ఉండాలి" అని ఊరు నన్ను చూపించి కోడళ్ళకు చెప్పింది. గాలి కాస్త వీస్తే చాలు, ఆమె గుమ్మంలో కూర్చుని చెవి ఒగ్గేది. "ఎవరో పిలుస్తున్నారే" అనేది. వీధిలో పోయే పిల్లలకు, "పిలిస్తే పలకండర్రా, పలక్కపోతే పాపం" అని చెప్పేది. మొదట్లో ఆ మాట వింటే నాకు తృప్తిగా ఉండేది. మొదట్లోనేనా? చాలా ఏళ్ళు.

చెప్పేద్దామని ఒకసారి దగ్గరికి వెళ్ళాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెబితే నన్ను తిడుతుంది, ఊరు ఉమ్మేస్తుంది. ఆ భయం ఉంది. కానీ నన్ను ఆపింది అది కాదు. చెబితే ఆమె మీది నింద దిగిపోతుంది. దించడం నాకు ఇష్టం లేకపోయింది. పక్కన కూర్చుని నేనూ రాళ్ళు ఏరాను.

ఆమె నా ఒళ్ళోనే పోయింది. పోయే ముందు, "నీ పిల్లాడప్పుడు నిజంగానే వినపళ్ళేదే" అంది. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు ఎత్తింది ఆ మాట? అబద్ధమాడితే చావుముందు ఆడుతుందా? మరి గడియ చప్పుడు? దాన్ని గాలి కదిపిందా? నేను కావాలని విన్నానా? ఆలోచిస్తూ ఉంటాను. ఒకరోజు ఆమె అబద్ధమాడిందనిపిస్తుంది, ఆ రోజు నిద్ర పడుతుంది. ఇంకోరోజు ఆమె చెప్పింది నిజమే అనిపిస్తుంది.

ఇక ఒక్కటే మిగిలింది. పైన రాసిన దాంట్లో ఒక అబద్ధం ఉంది. మీకు రాస్తూ కూడా దాన్ని వదలలేకపోయాను.

ఆ మధ్యాహ్నం సందులో నిలబడ్డప్పుడు, రత్తమ్మక్కయ్య వరండా దండెం మీద ఆకుపచ్చ ఓణీ ఒకటి గాలికి కొట్టుకుంటోంది. ఆ ఇంట్లో ఓణీ వేసుకునేది సీత ఒక్కతే. దాన్ని నేను చూశాను. చూసి, పాతదేమో, ఊరికే ఆరేసి ఉంటుందిలే అనుకున్నాను. కాదు, అలా కూడా అనుకోలేదు. పిల్ల వచ్చిందని నాకు తెలిసింది. తెలిసే మేడ వైపు నడిచాను.

క్షమించమని ఎవర్ని అడగను? అడగాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మీరు క్షమించినా, క్షమించే హక్కు మీది కాదు. ఈ కాగితం మీద చెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నాను. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. అంతే.