బోధన్ దాకా ఒక రాతి పిల్ల వెంట

మా ఇంట్లో ఒక పాత అచ్చు బొమ్మ ఉంది. గ్రీకుల పంటల దేవత దెమీటర్ శిల్పాన్ని చూసి ఎవరో రాగి రేకు మీద చెక్కి, కాగితంపై అచ్చు తీసినది. నిజామాబాద్ పాత సామాన్ల దుకాణంలో దొరికింది. దానికి జోడీ, ఆమె కూతురు పెర్సెఫొనీ బొమ్మ, బోధన్‌లో పటాలు కట్టే ఖాదర్ సాబ్ కొనుక్కుపోయాడని విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తల్లి ఒక్కతే గోడ మీద ఉంటే ఇల్లంతా బోసిగా తోచేది. పిచ్చి అనండి, కాదనను.

మాఘమాసం చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే రైలెక్కాను. టిక్కెట్టు రూపాయి లోపే. జానకంపేట దాటాక రెండు వైపులా మంచులో మునిగిన చెరుకు, గాలిలో పాకం వాసన. కళ్లు మూతపడ్డాయి. చెరుకు తోటల్లోంచి తెల్లటి రాతి మనుషులు మెల్లగా నడిచి వస్తున్నారు, ఎవరికీ తొందర లేదు. బోధన్‌లో ఎవరో భుజం తట్టి లేపారు.

ఖాదర్ సాబ్ చాయ్ తెప్పించి, నా మాట విని తల అడ్డంగా ఊపాడు.

"గా పిల్ల బొమ్మ లచ్చవ్వని ఒకామె తీస్కపోయింది సార్. ఫోటో దిగకుండనే సచ్చిపోయినోళ్ళుంటరు గద, వాళ్ళ ఇంటోళ్ళు వచ్చి గీ బొమ్మల కట్టల దేవులాడుకుంటరు. మొఖం కలిస్తే పటం కట్టిస్త."

చందూర్ దారిలో ఆమె ఊరు. బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక, ఎడ్లబండి పట్టుకున్నాను. వాకిట్లో ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. లోపల గోడ మీద పెర్సెఫొనీ, అద్దంపై కుంకుమ బొట్టు, బంతిపూల దండ. ఎంతైనా ఇచ్చి తెచ్చుకుందామని వెళ్లినవాణ్ణి, గుమ్మంలోనే నీరుగారిపోయాను.

"మా బిడ్డ రాజవ్వ సారూ, జరమొచ్చి పోయింది. గీ బొమ్మలున్నామె నీకెర్కనా?" అంది లచ్చవ్వ.

"పంటల దేవత బిడ్డ అవ్వా. భూమి కింది రాజు ఎత్కపోయిండు. తల్లి ఏడ్సుకుంట తిరిగితే పంటలే మొలవలే. ఆఖరికి ఏడాదికొకపారి పంపుతనని ఒప్పుకున్నడు. ఆమె వస్తెనే మొలకలొస్తయట."

లచ్చవ్వ పసుపు చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మ వైపు తిరిగింది.

"మొలకలొచ్చినప్పుడా? అయితే మిరుగానికి వస్తది."

మిరుగమంటే మృగశిర కార్తె, తొలివానకు పసుపు నాటే రోజులు. గ్రీకుల లెక్క వేరని, అక్కడ ఆమె వచ్చేది వసంతంలోనని తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

తిరుగు రైల్లో ఏడుపొచ్చింది, సిగ్గుపడలేదు. అంత దూరపు దేశంలో ఎవరో శిల్పి చెక్కిన ముఖం ఇక్కడ ఒక తల్లికి బిడ్డ ముఖమైంది. దాన్ని నా గోడకు తెచ్చుకుని ఏం చేసుకుంటాను?

అటు వెళ్లేవారికి ఒక్క మాట. చెరుకు ఆడే రోజుల్లో బోధన్ చూడండి, పొద్దుటి రైలే మేలు. లచ్చవ్వ ఇంటికి మాత్రం మిరుగం వేళ వెళ్లకండి. వాకిట్లో అడుగుల చప్పుడైతే బిడ్డే వచ్చిందనుకుని ఆమె లేచి వస్తుంది.