తడవని తువ్వాలు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. మా తెనాలి చుట్టుపక్కల చూపించదగ్గవి బోలెడున్నాయన్నది ఒకటి, వాటిని చూపించడం నా చేతిలో పనేనన్నది రెండోది. మొదటిది ఇప్పటికీ నమ్ముతాను. రెండోది ఒక్క వేసవిలో ఎగిరిపోయింది. అది గుర్తొస్తే, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే, చున్నీతో మొహం కప్పుకోవాలనిపిస్తుంది.

అంతకుముందు చదువు పేరుతో కొంతకాలం ఇటలీలో ఉన్నాను. అక్కడ నాతో వంటగది పంచుకున్న అమ్మాయి నాకంటే జానెడు పొడుగు (మా అమ్మ ఫోన్లో చూసిన రోజే 'పొడుగమ్మాయి' అని పేరు పెట్టింది, అదే ఖాయమైపోయింది). వేసవిలో ఆదివారం వస్తే చాలు, పొడుగమ్మాయి నన్ను నిద్ర లేపి, రొట్టెల్లో ఇంత చీజ్ పెట్టి పొట్లం కట్టి, రైలెక్కించేది. పొద్దున వెళ్లడం, ఏ కోటో సరస్సో చూడడం, సాయంత్రానికి తిరిగి వచ్చెయ్యడం. ఒకసారి ఒక ఊళ్లో సరస్సు ఒడ్డున కూర్చుని ఉండగా, వాళ్ల పిన్ని ఆ పక్క వీధిలోనే ఉంటుందని మాటల మధ్యలో చెప్పింది. నా గుండె ఆగినంత పనైంది. "మరి వెళ్లకపోతే ఎలా? తెలిస్తే ఏమనుకుంటుంది?" అన్నాను. "ఇవాళ మనం సరస్సు చూడడానికి వచ్చాం కదా" అంది రొట్టె నములుతూ. (మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.) ఎంత రాతి గుండె మనుషులో అనుకుని, ఆ పిన్నిగారి తరఫున నేనే కాసేపు బాధపడ్డాను.

వాళ్లది కొండల మధ్య ఊరు. అక్కడున్నన్నాళ్లూ నేను ఊరుకోక, "మా ఇంటి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు, మా బంగాళాఖాతంలో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి" అని బడాయిలు పోయేదాన్ని. నేను తెనాలి వచ్చి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటుంటే, ఆ మాట పట్టుకుని మే నెలలో దిగిపోయింది. ఎండల్లో మాడిపోతావు, వద్దన్నా వినలేదు, సెలవులు అప్పుడేనట. గుడులూ గోపురాలూ ఏమీ అడగలేదు. ఆ గోరువెచ్చటి నీళ్లలో ఒక్కసారి మునగాలి, అంతే. పెట్టె తెరిచి మొట్టమొదట తీసింది నీలం గీతల తువ్వాలు.

మర్నాడే బాపట్ల రైలెక్కాం. అక్కడ దిగి ఆటోలో సూర్యలంక సముద్రతీరానికి వెళ్లాలని నా ఏర్పాటు. కానీ నా వెనకాల మా అమ్మ పొన్నూరులో పిన్నికి ఫోన్ చేసింది, ఊరికే, పిల్లలు మీ ఊరి మీదుగా వెళ్తున్నారని చెప్పడానికి. పొన్నూరుకి దిగే నిడుబ్రోలు స్టేషన్లో రైలు ఆగేసరికి పిన్ని మా కిటికీ దగ్గర ప్రత్యక్షం. "ఏంటే, మా ఊరి మీంచి పోతా మొహం కూడా చూపించవా? దిగు, దిగు! రైలు కదులుద్ది!" అంది. పది నిమిషాలు కూర్చుని వద్దామని పొడుగమ్మాయికి చెప్పి దిగాను. పది నిమిషాలట! ముద్దపప్పు, కొత్త ఆవకాయ, గుత్తివంకాయ, పులిహోర, ఆపైన మామిడిపండ్లు. మధ్యలో ధైర్యం చేసి సముద్రం మాటెత్తితే పిన్ని గరిటె ఆపి నా వంక చూసింది. "సముద్రం ఎక్కడికి పోద్దే? అక్కడే ఉంటది. అన్నం చల్లారిపోద్ది" అంది. భోజనాలయ్యాక ఇరుగుపొరుగు వచ్చారు. "మన అమ్మాయి కోసం అంత దూరం నుంచి వచ్చిందంట" అని బుగ్గలు నొక్కుకున్నారు. తువ్వాలు సంచిలో ఉన్నది ఉన్నట్టే తెనాలి తిరిగొచ్చింది.

రాత్రి అమ్మ అడిగింది, "సముద్రం చూసిందా పిల్ల?" అని. నిజం చెబితే తన ఫోన్ వల్లే ఇదంతా అని నొచ్చుకుంటుందేమోనని, "ఆఁ, చూసింది" అన్నాను.

రెండోసారి ఎవరికీ చెప్పకుండా రేపల్లె రైలెక్కాం. అక్కడి నుంచి నిజాంపట్నం పోతే అదీ సముద్రమే కదా అని నా తెలివి. రైలు పెట్టెలో మా ఎదురుగా కూర్చున్నావిడ పొడుగమ్మాయిని ఎగాదిగా చూసి, తర్వాత నన్ను చూసి, "మీరు మా వీధి చివర టీచరమ్మగారి మేనకోడలు కదండీ?" అంది. కాదని అబద్ధమాడే లోపలే ఫోన్ తీసింది. రైలు కంటే ముందు కబురు చేరింది. రేపల్లె ప్లాట్‌ఫారం మీద గొడుగేసుకుని మా మేనత్త! ఆ రోజు పొడుగమ్మాయికి తలంటు పోసి, అత్తయ్య పట్టుచీర కట్టారు. అది పిక్కల దగ్గరే ఆగిపోయింది. అయినా వీధి వీధంతా వచ్చి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంది. "సముద్రంలో ఏముందమ్మా, ఉప్పునీళ్లేగా. ఇంకో బూరె వేసుకో" అంది అత్తయ్య. పొడుగమ్మాయి ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలండి" అంది. తెలుగులో తను నేర్చుకున్న మొదటి మాట అది. తిరుగు రైల్లో నా వంక తిరిగి, చాలా మర్యాదగా అడిగింది. "మీ దగ్గర సముద్రం నిజంగానే ఉందా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మూడోసారి బయల్దేరేటప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఎవరు పిలిచినా దిగేది లేదని. నిడుబ్రోలులో తలుపు పక్కకి నక్కి కూర్చున్నాం. బాపట్లలో దిగాం. ఆటో ఎక్కాం. దారికి అడ్డం ఎవరూ రాలేదు, ఫోన్ కూడా మోగలేదు. అసలు సిగ్గుపడాల్సింది ఇక్కడే. బాపట్లలో మా బాబాయి ఉన్నాడు. పిన్ని ఇంటికెళ్లి, అత్తయ్య ఇంటికెళ్లి, తన గుమ్మం తొక్కకుండా పోయామని తెలిస్తే? ఆ ఆలోచన ఒకటి లోపల తొలవడం మొదలుపెట్టింది. ఇంకా లోపల, పొన్నూరులోనూ రేపల్లెలోనూ దక్కిన ఆ గొప్ప బాపట్లలో మాత్రం ఎందుకు వదులుకోవాలి అని కూడా ఉంది, దాచడమెందుకు. "బాబూ, ఒక్కసారి ఎడమకి తిప్పు" అన్నాను. ఎవరూ పిలవకుండానే, నా నోటితో నేనే అన్నాను.

బాబాయి మహదానందపడి, "మిట్టమధ్యాన్నం సముద్రానికి ఎవరన్నా పోతారా? వడదెబ్బ తగుల్తది. నాలుగు దాటాక నేనే తీసుకెళ్తాగా" అన్నాడు. నాలుగు దాటాక కాఫీలు, కాఫీల మీద పకోడీలు, పకోడీల మీద పక్కింటివాళ్లు. ఎవరో అడిగారు, ఈ అమ్మాయికి ఏమేం చూపించావే అని. నేను నోరు తెరిచేలోగా పొడుగమ్మాయికి ప్రశ్న అర్థమైపోయింది. వేళ్లు ముడుస్తూ తనే తెలుగులో జవాబు చెప్పింది. "పిన్ని. అత్తయ్య. బాబాయి." అందరూ పగలబడి నవ్వారు, ఎంత ముద్దుగా చెప్పిందో అని. నేనూ నవ్వాను గానీ తన మొహంలోకి చూడలేకపోయాను. కాసేపయ్యాక చూస్తే కుర్చీలో లేదు. మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది. కొబ్బరి తలల అవతల ఏమీ కనిపించడం లేదు. "గాలి ఉప్పగా ఉంది" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. ఇంతలో కింది నుంచి బాబాయి రైలు టైమైందని కేకేశాడు.

మర్నాడే తన తిరుగు ప్రయాణం. పొద్దున పెరట్లోకి వెళ్లేసరికి దండెం మీద నీలం గీతల తువ్వాలు, నీళ్లు ధారగా కారుతూ. పొడుగమ్మాయి దాని ముందు నిలబడి ఉంది. మా అమ్మ చేతులు తుడుచుకుంటూ, "మూడుసార్లు సముద్రంలో మునిగొచ్చిన గుడ్డ గదా, అట్టాగే పెట్టెలో పెట్టేసుకుంటంది పిచ్చిపిల్ల. ఉప్పంతా పోవాలని రెండుసార్లు జాడించా" అంది.

ఏమంటోందని అడిగింది పొడుగమ్మాయి. మూడుసార్లూ అమ్మకి 'చూసింది, మునిగింది' అని చెప్పాక, ఇంకో అబద్ధం చెప్పడానికి నాకింక ఓపిక లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. తను తువ్వాలు వంక చూసింది, మా అమ్మ వంక చూసింది, పెరట్లో చతికిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఏంటే అంత నవ్వు?" అని అమ్మ కంగారు. లేచి అమ్మని గట్టిగా వాటేసుకుని "చాలండి" అంది పొడుగమ్మాయి. నేను మాత్రం చాలాసేపు నూతి వైపు తిరిగి నిలబడ్డాను.

నిరుడు వేసవిలో పరీక్షల పని మీద ఒక్కదాన్నే బాపట్ల వెళ్లాను. పని తొందరగా తెమిలింది. బాబాయి వాళ్లు గుంటూరు మారిపోయారు. ఆటో ఎక్కితే ఎటూ తిరగకుండా తిన్నగా సూర్యలంక తీసుకెళ్లి దింపింది. ఇంత తేలికా అనిపించింది. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఫోటో తీసి పొడుగమ్మాయికి పంపాను. "నీళ్లు నిజంగానే గోరువెచ్చగా ఉన్నాయి. నన్ను క్షమించు, మళ్లీ రా" అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. "వస్తాను. ముందు ఒక సంగతి చెప్పు, ఇవాళ ఎవరింట్లో భోంచేశావు?"

ఎవరింట్లోనూ లేదు. స్టేషన్లో కొనుక్కున్న ఇడ్లీ పొట్లం తిన్నాను. ఆ సంగతి రాయడానికి ఎందుకో మనసొప్పలేదు. పొద్దున రైలు నిడుబ్రోలులో ఆగినప్పుడు నేను కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను, పిన్ని హైదరాబాదులో కొడుకు దగ్గరుందని తెలిసీ. దిగమనే వాళ్లు లేరు. రైలు కదిలింది.