ఉప్పు తొక్కొచ్చా అని అడగడానికి నౌపడా వెళ్ళాను

చీపురుపల్లికి ఏడున్నరకి రావాల్సిన పలాస పాసింజరు ఎనిమిదికి పది నిమిషాలుండగా వచ్చింది. స్టేషన్ బయట ఆకులో కట్టిచ్చిన నాలుగిడ్లీలు సంచిలో పెట్టుకుని, నౌపడాకి టికెట్టు తీసుకుని ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ చూసుకోండి. చివర్లో ఉప్పుమడులు అటే కనిపిస్తాయి.

నా పని అమ్మమ్మని ఒక మాట అడిగి రావడం. ఆవిడకి ఫోన్లో వినబడదు.

ఆ మాట మా అక్క సుజాతది. అక్క సిమ్లా అవతల ఒక కొండ ఊళ్ళో, హోటల్లో పనిచేస్తుంది. నేను అక్కని చూసి రెండేళ్ళయింది. అక్కడ చలికాలంలో పగలు చూరు మీది మంచు కరిగి మెట్ల మీద కారుతుంది. తెల్లారేసరికి ఆ నీరే గాజుపలకలా గడ్డకడుతుంది. కంటికి తెలియదు, జారాక కాలికి తెలుస్తుంది. అందుకని ఆరింటికల్లా, గదుల్లోవాళ్ళు దిగకముందే మెట్లన్నిటి మీదా రాళ్ళుప్పు చల్లాలి. ఉప్పు పడ్డచోట గడ్డ పట్టు వదులుతుంది. ఆ పని అక్కది.

అక్క చల్లేది. కానీ కమ్మీ పక్కన అడుగు వెడల్పున ఖాళీ వదిలేసేది, తను ఎక్కి దిగడానికి. దాని బూట్లకి ఇనప మేకులున్నాయి కాబట్టి జారేది కాదు. చిన్నప్పుడు వంటింట్లో ఒలికిన ఉప్పు మీద కాలేసిందని అమ్మమ్మ దాని పిక్క మీద ఒక్కటేసి, "లచ్చిందేవిని తొక్కుతావేటే!" అని, ఆ ఉప్పు ఎత్తించి కళ్ళకద్దించింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అప్పట్నించి మా ఇద్దరికీ ఉప్పంటే కాలు దానంతటదే వెనక్కిపోతుంది.

పోయిన వారం హోటల్లో దిగిన ఒక పెద్దాయన జాగ్రత్తగా కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు. సరిగ్గా ఆ ఖాళీ మీదనే. మణికట్టు విరిగింది. ఇంకొకరు పడితే వేరే పని చూసుకోమన్నాడు మేనేజరు. ఖాళీ ఎందుకు వదిలిందో అక్క ఆయనకి చెప్పలేదు, నాకు చెప్పింది.

"నవ్వకే. సల్లడానికి సెయ్యొస్తాది, తొక్కడానికి కాలు రాదు. అమ్మమ్మనడుగు. తొక్కొచ్చంటే తొక్కుతాను. కూడదంటే మానేసి వచ్చేస్తాను."

వచ్చేస్తాను. ఆ మాట డైరీలో రాసుకుని కింద గీత గీశాను.

రైల్లో డైరీ తెరిచి, అమ్మమ్మని ఎలా అడగాలో రెండు విధాలుగా రాశాను. ఒకటి, 'ఉప్పు తొక్కొచ్చా?' రెండోది, 'ఉప్పు తొక్కితే పాపమేనా?' రెండోదానికి అమ్మమ్మ ఏమంటుందో నాకు ముందే తెలుసు.

ఎదురుగా రేగుపళ్ళ బుట్టతో కూర్చున్నామె నన్నే చూస్తోంది. "ఏటమ్మా, పేజీ తిప్పవేటి? పొందూరు కాడ్నించీ సూస్తన్నాను."

"చదువుతున్నానండీ."

"సదవడం కాదది. ఎవులో వస్తారని సూడ్డం," అని నవ్వి, గుప్పెడు రేగుపళ్ళు నా ఒళ్ళో పోసి శ్రీకాకుళం రోడ్డులో దిగిపోయింది. నా చెవులు వేడెక్కాయి.

పదీ ఇరవైకి నౌపడా. ఆటో పదిమంది నిండితేగాని కదలదు. తొందరుంటే నడవండి, అరగంటే. అమ్మమ్మ ఇంటికి తాళం. "మీ ముసిల్ది మడికాడుంటాది. పని మానేసినా తగువు మానలేదు," అంది పక్కింటామె.

ఉప్పు తీసే ముందు మడి అడుగుని కాళ్ళతో తొక్కి గట్టిచేస్తారు. ఆరుగురు వరసగా తొక్కుతుంటే అమ్మమ్మ గట్టు మీదనుంచి అరుస్తోంది. "మడమ దించండ్రా! పెళ్ళికెళ్తన్నారేటి?" పక్క మడిలో ఈ ఏటి మొదటి ఉప్పు గట్టుకి చేరింది. నేను ఉప్పు పడనిచోటు వెతుక్కుంటూ మునివేళ్ళ మీద నడిచి ఆవిడ దగ్గరికెళ్ళాను.

చెవి దగ్గర వంగి రెండో ప్రశ్నే అడిగాను. "ఉప్పు తొక్కితే పాపమేనా అమ్మమ్మా?"

"పాపం కాదేటే మరి!"

అంతే. అక్క వచ్చేస్తుంది. వెనక్కి తిరగబోతూ కిందికి చూశాను. అమ్మమ్మ నిలబడ్డది ఉప్పు మీదే. తెల్లగా పగిలిన మడమలు, పగుళ్ళ నిండా ఉప్పు. నాకు సిగ్గేసింది. మంచు, మెట్లు, ఖాళీ, పెద్దాయన చెయ్యి, అన్నీ చెప్పాను.

"నీరు రాయైపోతాదేటి?" అంది అమ్మమ్మ ముందు. తర్వాత, "ఒసే గుంటా, తినీ ఉప్పు తొక్కకూడదు. పని సేసీ ఉప్పు తొక్కాలి. దీని మీద నిలబడే మీయమ్మని పెంచినాను. లచ్చిందేవి నన్నేటీ అన్లేదు. దానికి సెప్పు, ఖాళీ ఒగ్గొద్దని. ఒకుల సెయ్యిరిగితే అదీ పాపం."

మళ్ళీ చెప్పించి ఫోన్లో రికార్డు చేశాను.

మధ్యాహ్నం అన్నం, ఎండుచేపల పులుసు. ఉప్పు చాలక చెయ్యి చాపితే నా చేతికివ్వలేదు, కంచం అంచున పెట్టింది. "సేతికిస్తే తగువొస్తాది." ఆ నియమం మాత్రం సడల్లేదు.

తిరుగు రైలు నాలుగింటికి. రికార్డు ఫోన్లోనే ఉంది. కోటబొమ్మాళి దాటింది, తిలారు దాటింది. సిగ్నల్ లేదని డైరీలో రాశాను. ఉంది. శ్రీకాకుళం రోడ్డులో ఆ మాట కొట్టేసి, రికార్డు అక్కకి పంపాను.

పొందూరు దాటాక అక్క ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే గడ్డకట్టడం మొదలైందట, సాయంత్రం కూడా ఒకసారి చల్లుతారట. "ఇను," అంది. కరకర. ఆగింది. మళ్ళీ కరకర. మొదట మెల్లిగా, తర్వాత గబగబా. పద్నాలుగు మెట్లు, నేను లెక్కపెట్టాను.

"కమ్మీ పక్కనుంచే దిగినానే," అంది ఆయాసపడుతూ. "ఈ ఏడు మరి రాలేను."

"సరే," అన్నాను.

నౌపడా దూరమేం కాదు. పొద్దుట వెళ్తే చీకటి పడేలోగా వచ్చేయొచ్చు. నేను దాన్నే చాలా దూరం అనుకునేదాన్ని. చీపురుపల్లిలో దిగి నడుస్తుంటే కాళ్ళకింద సన్నగా కరకరలాడింది. మడి దగ్గర్నించి అమ్మమ్మ వెంట ఇంటికి వచ్చేటప్పుడు మునివేళ్ళ మీద నడవడం మర్చిపోయి, ఉప్పు మీదుగానే వచ్చేసినట్టున్నాను. చెప్పులు దులపలేదు. ఇంటిదాకా ఆ చప్పుడు వింటూ నడిచాను.