దస్తావేజు అడుగున పేరు

మా బంధువుల్లో ఎవరి దస్తావేజు తీసినా అడుగున ‘రాసినవారు’ అన్నచోట నా పేరుంటుంది. అమలాపురం రిజిస్ట్రారు ఆఫీసు వీధిలో కూర్చుని రాసే నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. శాఖా గ్రంథాలయంలో ఆస్తి బదిలీ చట్టం మీద ఉన్న పుస్తకాన్ని పీఠికతో సహా చదివి నేర్చుకున్నాను. అక్కడి బీరువాల్లో నేను ముట్టని పుస్తకం లేదని గ్రంథపాలకుడే అనేవాడు.

నిరుడు నా పక్క గదిలోకి అనంతపురం వైపు నుంచి ఒక యువకుడు దిగాడు. ఈ ఊరి అల్లుడు. అతను ఏమీ రాయడు. కంప్యూటర్లో ముందే పెట్టుకున్న ప్రశ్నలు అడుగుతాడు: ఇచ్చేది ఎవరు, ఎవరికి, హద్దులేమిటి, తాకట్టుందా, తగాదా ఉందా. జవాబులు నొక్కుతాడు. దస్తావేజు దానంతటదే తయారై ప్రింటర్లోంచి వచ్చేస్తుంది. నా చిత్తుప్రతి సగమయ్యేసరికి అతని దగ్గరికొచ్చిన మనిషి సంతకం పెట్టి లేచిపోతాడు. మా మధ్య ఉన్నది చెక్క గోడే. ఆ ప్రింటర్ చప్పుడంతా నా చెవిలోనే.

అదంతా ఓర్చుకున్నాను. ఒకరోజు మా పెద్దమ్మ కొబ్బరితోటను కూతురికి రాసివ్వడానికి వచ్చి, నా గుమ్మం దాటుకుని అతని గుమ్మం ఎక్కబోయింది.

“అదేంటి పెద్దమ్మా, అటు?” అన్నాను.

“నీ దగ్గరైతే పూటంతా కూర్చోవాలిరా నాన్నా, నడుం ఊరుకోదు. ఆ అబ్బాయి టీ చల్లారేలోపు ఇచ్చేత్తాడని అందరూ చెప్పేరు.”

గోడ అవతల అతను అడుగుతున్నాడు, ఆవిడ “ఆయ్… ఆయ్” అంటోంది. ప్రశ్నలు సరిగ్గా వినపడలేదు గాని, ఆ ఆయ్‌లు మాత్రం ఒక్కొక్కటీ వినపడ్డాయి. చిన్నప్పుడు నేను లైబ్రరీ పుస్తకం చదివి వినిపిస్తే ఆవిడ అచ్చం అలాగే అనేది. నాకు కళ్లు మండాయి.

కాసేపటికే కాగితాలతో వచ్చింది. “కళ్లజోడు తెచ్చుకోలేదురా. ఓసారి చదివి పెట్టు.”

చదువుతూ చదువుతూ గొంతు పెంచాను. “సదరు ఆస్తి తాకట్టులో ఉన్నది. సదరు ఆస్తిపై కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నది.”

“వ్యాజ్యమా! ఎవడన్నాడ్రా ఆ మాట?”

“నువ్వే. ఆయ్ అన్నావుగా.”

“ఏదో చెప్తున్నాడు కదా, వింటున్నానని అన్నాను!”

ఏడాదిగా నాకు అంత సంతోషం కలగలేదు. కాగితాలు పట్టుకుని పక్క గదికి వెళ్లాను. “మా వైపు ఆయ్ అంటే అన్నిసార్లూ అవునని కాదు బాబూ. మీ కంప్యూటర్‌కి అది తెలియదు పాపం,” అన్నాను.

చిన్నబోతాడనుకున్నాను. పకపకా నవ్వాడు. “భలే చెప్పినారు సార్!” అని అక్కడికక్కడే ప్రశ్నలు మార్చేశాడు. ‘తాకట్టుందా’ పోయి ‘ఎవరి దగ్గర తాకట్టు పెట్టారు’ వచ్చింది, ఆయ్ అంటే చాలని ప్రశ్న. తగాదాదీ అలాగే. “ఇట్లాంటివి ఇంకేమన్నా ఉంటే చెప్పండి సార్, ఎక్కించేస్తా.”

ప్రింటర్ మళ్లీ మోగింది. ఏ పుస్తకంలోనూ దొరకనిది నా దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. అదీ ఇప్పుడు అతని కంప్యూటర్లోకి వెళ్లిపోయింది.

కొత్త ప్రతిని పెద్దమ్మకు మొదటి నుంచి చదివి వినిపించాను. హద్దులు, చెట్లు, బోదె కాలువ నీటి హక్కు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పు కోసం వెతుకుతూ మెల్లగా చదివాను. దొరకలేదు. అడుగున ‘రాసినవారు’ అన్నచోట అతని పేరుంది. అక్కడ ఆగిపోయాను.

“అయిపోయిందా నాన్నా?” అంది పెద్దమ్మ.

“ఆయ్,” అన్నాను.